కన్నక్క వేసిన ముడి

నీలకోన ముఖద్వారం దగ్గర చింతబరికె దెబ్బ తినకుండా లోపలికి పోయినవాడు లేడు. రాజైనా బిచ్చగాడైనా రెండు అరచేతులూ చాచి నిలబడాల్సిందే. కావలి ఆడవాళ్లు ఇద్దరు చెరో చేతిమీదా ఒక్కొక్కటి చురుక్కుమనేలా అంటిస్తారు. ఆ క్షణాన మనిషి నోట ఏ మాట ఊడిపడుతుందో చెవులు రిక్కించి వింటారు. "అబ్బా" అన్నవాడు లోపలికి పోవచ్చు. "అయ్యో" అన్నా ఫరవాలేదు. "అమ్మా" అన్నవాణ్ణి మాత్రం మెడపట్టి వచ్చిన దారినే గెంటేస్తారు.

వరసలో ఆరోవాడుగా నిలబడ్డ మేఘవాటి యువరాజు హేమాంగుడు ఇదంతా చూస్తూ గుటక మింగాడు. గుటకైనా జాగ్రత్తగా మింగాలి మరి, అతని నాలుక కింద ముదిమిగుళిక ఉంది. పొగడవనంలో ఒక యోగి ఇచ్చిన ఆ గుళిక నోట్లో ఉన్నంతసేపూ ఇరవై ఏళ్ల యువరాజు ఎనభై ఏళ్ల ముసలివాడిలా, నెరిసిన జుట్టుతో, వంగిన నడుంతో, ముడతల మొహంతో కనిపిస్తాడు. అది నోట్లోంచి ఊడిందా, అసలు రూపం బయటపడుతుంది. బయటపడితే ఏమవుతుందో తలెత్తి చూడకుండానే అతనికి తెలుసు. కోన మీద ఆకాశంలో ఇనుపముక్కు గద్ద ఒకటి పొద్దుటినుంచీ చుట్లు తిరుగుతోంది. మాంత్రికుడు భస్మకేతుడి పెంపుడు పక్షి అది. యువరాజు కోసం మూడు రాజ్యాలు గాలించి ఇక్కడికి చేరింది.

అతని వెనక నిలబడ్డవాడు మేఘవాటి కొలువులో హాస్యగాడు జంగిలయ్య. ఇతనికి గుళిక అవసరం లేదు, నిజంగానే అరవై దాటాయి.

"బాబూ, నాకు బుద్ధెరిగిన కాడినుంచీ దెబ్బ తగిలితే ఆ మాట తప్ప ఇంకోటి రాదు. నన్ను బయటే వదిలెయ్యి," అని గొణిగాడు జంగిలయ్య.

"పళ్లు బిగబట్టు."

"ఉంటేగా బిగబట్టడానికి."

ఇంతలో యువరాజు వంతు రానే వచ్చింది. బరికె తగిలిన చోట నిప్పు పెట్టినట్టయింది. గొంతుదాకా వచ్చేసింది ఆ మాట. హేమాంగుడు గుళికను నాలుకతో అదిమిపట్టి, "అబ్బా" అన్నాడు. "పో అన్నా," అని పక్కకు తప్పుకుంది కావలి మనిషి. ఆ వెనకే జంగిలయ్య మీద బరికె పడింది.

"అమ్..." అన్నాడు జంగిలయ్య. కావలివాళ్లిద్దరూ ఒక అడుగు ముందుకు వేశారు. "...బలి ఏమన్నా దొరుకుతుందా అక్కా లోపల? ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి."

వాళ్లలో చిన్నది నవ్వు ఆపుకోలేకపోయింది. "దొరుకుతుంది పో అన్నా," అంది.

కొండసందు దాటగానే కోన కళ్ల ముందు విచ్చుకుంది. చుట్టూ ఆకాశాన్ని మోస్తున్న నల్లరాతి శిఖరాలు, వాటి భుజాల మీదినుంచి వెండిజరీ అంచుల్లా జారే సన్నని జలపాతాలు, కింద మోకాలెత్తు గడ్డి నిండా నీలిపూలు, ఆ పూల నడుమ తలుపుల్లేని తెల్లని ఇళ్లు. ప్రతి గడపా పసుపుతో మెరుస్తోంది. పండుగ కాబట్టి ఆడా మగా అందరూ తెల్లబట్టలు కట్టి, దోసిళ్లలో పచ్చి వడ్లకంకులు పట్టుకుని, ఎదురైన ప్రతివారికీ "ఒక్కతే అమ్మ" అని చెప్పి, "అందరం బిడ్డలం" అని జవాబు అందుకుంటూ ఉత్తరపు కొండగుహ వైపు నడుస్తున్నారు.

ఈ కోనవాసులకు దైవం ఒక్కతే. ఆమెకు పేరు లేదు, రూపం లేదు, పక్కన మొగుడు లేడు, ఎక్కి తిరగడానికి వాహనమూ లేదు. అమ్మ, అంతే. విగ్రహం చెక్కితే మొహానికి ఎవరో ఒకరి పోలిక వస్తుందనీ, ఆ పోలిక లేని బిడ్డలు చిన్నబుచ్చుకుంటారనీ అసలు చెక్కనే లేదు. గుహలో ఉన్నదల్లా ఒక రాతి ఒడి. మఠం వేసుకు కూర్చున్న ఆడమనిషి ఒడి ఎలా ఉంటుందో అలాంటి నున్నని పల్లం, పైన మొండెం లేదు, తల లేదు. అందరికీ తల్లి ఆమె ఒక్కతే అయినప్పుడు మనుషులంతా తోబుట్టువులేగా. తొంభై ఏళ్ల అవ్వ కూడా అక్కే. నొప్పులు పడి కన్న మనిషిని సైతం కన్నక్క అనాలి తప్ప ఆ పిలుపు మరొకరికి పెట్టకూడదు.

వినడానికి ఎంత ముచ్చటగా ఉందో, హేమాంగుడికి అంత ప్రాణసంకటంగా ఉంది. పన్నెండేళ్ల కిందట భస్మకేతుడు మేఘవాటి మహారాణి తరంగిణీదేవిని అంతఃపురంలోంచి మాయం చేశాడు. ఆమెకు తన పేరు, ఊరు, బిడ్డ, ఏవీ గుర్తుండకుండా మరపుమంత్రం వేశాడు. కన్నకొడుకు ఎదుట నిలబడి నోరారా "అమ్మా" అని పిలిస్తేనే ఆ మరపు వీడుతుంది. అందుకే ఆ దుర్మార్గుడు ఏరికోరి ఆమెను ఈ కోనలో వదిలాడు. భూమ్మీద ఏ కొడుకూ ఏ ఆడమనిషినీ అలా పిలవకూడని చోటు ఇదొక్కటే కదా.

వ్యవధి కూడా లేదు. ఏడాదికొకసారి, ఒడిపండుగ నాడు, మిట్టమధ్యాహ్నం గుహ కప్పులోని బిలం గుండా ఎండ వచ్చి రాతి ఒడిలో పడుతుంది. ఈరోజు ఆ వెలుగు ఒడి దాటితే మంత్రానికి పన్నెండేళ్లు నిండుతాయి. ఆ తర్వాత కొడుకు గొంతు చించుకున్నా ఆమెకు ఏదీ గుర్తు రాదు. యోగి ఇదంతా చెప్పి, "త్వరగా వెళ్లు నాయనా," అన్నాడే గాని ఎలా పిలవాలో మాత్రం చెప్పలేదు. చెప్పడం తేలిక.

గుహకు ఎదురుగా తాళ్లవాడ ఉంది. జనపనార మోపుల మధ్య ఒక స్త్రీ ఒక్కతే కూర్చుని తాడు పేనుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. జుట్టు చెవుల దగ్గర నెరిసింది, అరచేతులు కాయలు కాశాయి. ఆమె తల వంచి నార కొసను పళ్లతో కొరికింది. ఆ కొరకడం చూడగానే హేమాంగుడి కాళ్లు ఆగిపోయాయి. చిన్నప్పుడు తన వింటితాడు తెగిందని ఏడిస్తే అమ్మ అలాగే కొరికి ముడివేసి ఇచ్చేది.

జంగిలయ్య అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గుళిక, గుళిక జాగ్రత్త," అన్నాడు మెల్లిగా.

హేమాంగుడు దగ్గరికి వెళ్లాడు. పన్నెండేళ్ల తర్వాత తల్లితో మాట్లాడే మొదటి మాట ఏమిటో దారిపొడుగునా ఎన్నో విధాల అనుకున్నాడు. తీరా ఎదుట నిలబడ్డాక, "దాహంగా ఉందక్కా," అన్నాడు.

ఆమె సొరబుర్రతో నీళ్లు అందించింది. "మెల్లిగా తాగన్నా. ఈ వయసులో పొలమారితే కష్టం."

"నీది ఏ ఊరక్కా?"

"ఇదే. అంతకు ముందు ఎక్కడున్నానో తెలియదు. ఒకనాడు లేచేసరికి ఇక్కడున్నాను. వీళ్లు అన్నం పెట్టారు, ఏం పని వచ్చు అన్నారు. నార కనపడితే పేనాను. అప్పటినుంచీ తాళ్లక్క అంటారు."

"పిల్లలు?"

ఆమె చేతులు ఒక్క లిప్త ఆగాయి. "ఉన్నారో లేదో ఎవరు చెప్తారన్నా," అని మళ్లీ పేనడం మొదలుపెట్టింది.

హేమాంగుడికి ఏడుపు వచ్చింది. ముసలివాళ్లకు కళ్లు ఊరికే నీరుకారతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. జంగిలయ్య మాట మార్చడానికి, ఆమె పక్కన చుట్టగా పడి ఉన్న మూడు పేటల లావుపాటి తాడు చూపించి, "ఏనుగుని కడతారా అక్కా దీనికి?" అన్నాడు.

"మనుషుల్నే. గుహలో గొయ్యి ఉంది, దానికి. ఎవడైనా అక్కడ ఒక ఆడమనిషిని పట్టుకుని ఆ పిలుపు పిలిచాడనుకో, పెద్దక్క ఆమెను అడుగుతుంది, ఆ పిలుపు నీదేనా అని. నాదే అందా, అమ్మ చోటు ఎక్కిందని ఆమెను దించుతారు, పిలిచినవాడు తాడు పట్టుకోవాలి. కాదందా, అమ్మ ఎదుట అబద్ధం పిలిచాడని వాణ్ణి దించుతారు, ఆమె పట్టుకోవాలి. వెలుగు ఒడి దాటేదాకా ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. అప్పటికీ తాడుకు మనిషి ఉంటే అమ్మ మన్నించిందని పైకి లాగుతారు."

"ఎంతమంది వచ్చారు పైకి?"

"ఎవరూ రాలేదు. నేనుండగా ముగ్గుర్ని దించారు. ముక్కూమొహం తెలియనివాడి కోసం చేతులు తెగేదాకా ఎవరు పట్టుకుంటారు? వదిలేశారు." ఆమె తాడును అరచేత్తో నిమిరింది. "నా తాడు మాత్రం తెగలేదు. రాతిస్తంభానికి రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే బరువు స్తంభమే మోస్తుంది, ఆ సంగతి ఒక్కరికీ తోచదు. పడవలవాళ్లు అలాగేగా చేస్తారు."

"పడవలవాళ్లు నీకెలా తెలుసక్కా?" అన్నాడు హేమాంగుడు.

ఆమె తన చేతులకేసి చూసుకుంది. "ఏమో. చేతులకు తెలుసు."

హేమాంగుడికి తెలుసు. తరంగిణీదేవి పుట్టుకతో రాణి కాదు, చిల్లంగిరేవు పడవలవారి ఆడపడుచు. మహారాజు ఆమె పడవ ఎక్కి ఏరు దాటి, మళ్లీ ఇవతలికి రావడం మరిచిపోయి, అక్కడే పెళ్లాడాడు. హేమాంగుడి చిన్నతనంలో అంతఃపురపు తామరకొలను దగ్గర దాసీలను నమ్మక ఆమె ఒక పని చేసేది. సన్నతాడు ఒకటి బిడ్డ నడుముకు రెండు చుట్లు చుట్టి, కొసను ఎడమనుంచి లోపలికి దూర్చి ముడివేసేది. రెండో కొస తన మణికట్టుకు. పనిలో ఉండి మధ్య మధ్య ఆ తాడును రెండుసార్లు లాగేది. ఉన్నావా అని. బిడ్డ అటునుంచి రెండుసార్లు లాగేవాడు. ఉన్నా అని.

అంతలో గుహముందు కంచుగంట మోగింది. తాళ్లక్క చుట్టను భుజాన వేసుకుని లేచింది. జంగిలయ్య యువరాజును ఒక నారమోపు చాటుకు లాగాడు. అతని మొహంలో హాస్యం అన్నది మచ్చుకైనా లేదు.

"విన్నావుగా బాబూ. నువ్వు పిలిచావనుకో. ఆమెకు గుర్తు రాకపోతే కాదంటుంది, నువ్వు గోతిలోకి. గుర్తొస్తే కన్నతల్లి కాదనగలదా? నాదేనని ముందుకొస్తుంది, ఆమె గోతిలోకి. ఎటు తిరిగినా గొయ్యే."

"పిలవకపోతే?"

"ఇద్దరూ బతుకుతారు."

"తనెవరో తనకే తెలియకుండా."

"సరే, నేను స్తంభం దగ్గర నిలబడతా," అన్నాడు జంగిలయ్య.

గుహ లోపల వెయ్యిమంది ఉన్నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పుట్టతేనె, పచ్చకర్పూరం కలిపి పూసిన గోడలు గుమ్మున వాసన కొడుతున్నాయి. నేలంతా వడ్లకంకుల పచ్చదనం. నడుమ రాతి ఒడి. దాని కుడిపక్కన గోవుతలంత మందాన ఒక స్తంభం, స్తంభం ముందు గుండ్రంగా నోరు తెరుచుకున్న గొయ్యి. గోతి అంచున తాడుతో తాళ్లక్క, ఒడి వెనక పెద్దక్క. పెద్దక్క ఎముకలూ చర్మంగా మిగిలిన ముసలామె, కళ్లలో మాత్రం చురుకు తగ్గలేదు.

కప్పులోని బిలంలోంచి ఎండ నిలువుగా దిగింది. రాతి ఒడి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఆ వెలుగును ఎత్తుకుంది. జనం ఒక్కరొక్కరే వచ్చి ఒడికి తల ఆనించి, లోలోపల ఏదో చెప్పుకుని పోతున్నారు. వెలుగు కదులుతూనే ఉంది. బొటనవేలంత జరిగింది. జానెడు జరిగింది. హేమాంగుడి ముందు ఇంకా ముప్ఫైమంది ఉన్నారు. అతని నోట్లో గుళిక చేదెక్కింది. ఇరవైమంది. ఒక ముసలాయన ఒడికి తల ఆనించి ఎంతకీ లేవడే. ఆయన జీవితంలో చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి.

వెలుగు ఒడి అంచుకు నాలుగు వేళ్ల దూరంలో ఉందనగా యువరాజు వరస తప్పించుకుని బయటికి వచ్చాడు. గోతి అంచుదాకా నడిచి, తాళ్లక్కకు ఎదురుగా నిలబడ్డాడు. గుళికను ఉమ్మేశాడు.

"అమ్మా," అని పిలిచాడు.

గుహ గోడలు ఆ పిలుపును నాలుగుసార్లు తిప్పి చెప్పాయి. వంగిన నడుము నిలువుగా లేచింది, ముడతలు పోయాయి, తెల్లజుట్టు నల్లబడింది. వెయ్యిమంది ఒక్కసారి వెనక్కి జరిగారు. పైన బిలానికి అడ్డంగా రెక్కల నీడ ఒకటి వెలుగు మీద పాకి తప్పుకుంది. దాన్ని చూసినవాడు జంగిలయ్య ఒక్కడే.

పెద్దక్క కోప్పడలేదు. కోపం కన్నా అది ఎక్కువ భయం పుట్టించింది. "తాళ్లక్కా, ఆ పిలుపు నీదేనా?" అంది.

తాళ్లక్క యువరాజు మొహంలోకి చూసింది. నుదురు, కళ్లు, గడ్డం మీద చిన్నప్పటి గాయపుమచ్చ, ఒకటొకటే చూసింది. హేమాంగుడు ఒకే గుండెతో రెండు మొక్కులు మొక్కుకున్నాడు. కాదనాలి. నాదే అనాలి. ఏ మొక్కు ఫలించినా రెండోది దక్కని బాధ అతన్ని చంపుతుంది.

"కాదు పెద్దక్కా," అంది ఆమె. గొంతు వణకలేదు. "నేను అక్కనే. ఇతనెవరో నాకు తెలియదు."

హేమాంగుడికి ముందు హమ్మయ్య అనిపించింది. ఆమె బతికింది. కాని మంత్రం వీడలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసి, మూడు రాజ్యాలు దాటి, చివరికి నాలుగు వేళ్ల వెలుగు మిగిలి ఉండగా పిలిచినా తల్లికి గుర్తు రాలేదు.

"కట్టు," అంది పెద్దక్క.

తాళ్లక్క తాడు పట్టుకుని అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె వేళ్లు చకచకా కదిలాయి. తాడు అతని నడుముకు ఒక చుట్టు చుట్టింది. రెండో చుట్టు. కొసను ఎడమనుంచి లోపలికి దూర్చి బిగించింది.

హేమాంగుడు ఆ ముడిని గుర్తుపట్టాడు. ఆమె తలెత్తితే కళ్లు చూడాలని చూశాడు. ఎత్తలేదు. ముడి సరిగా బిగిసిందో లేదో రెండు వేళ్లతో నొక్కి చూసుకుంది, అంతే. ఇది తల్లి వేసిన ముడా, చేతులకు తెలిసిన ముడా? అడగడానికి వీలు లేదు. అడిగితే ఆమె కాదన్న మాట అబద్ధమని వెయ్యిమందికీ తెలిసిపోతుంది.

"వస్తానక్కా," అన్నాడు.

"తాడు పట్టుకుని ఉండు తమ్ముడూ. కిందికి చూడకు," అంది ఆమె, తాడు చుట్ట కేసి చూస్తూ.

ఆ తర్వాత ఆమె లేచి తాడును స్తంభానికి రెండు చుట్లు తిప్పింది. జనంలో కలకలం పుట్టింది. ఇలా ఎవరూ ఎన్నడూ చేయలేదని ఎవరో అన్నారు. పెద్దక్క స్తంభం వైపు, తాళ్లక్క వైపు మార్చి మార్చి చూసి, "ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదన్నది కట్టడి. రాయి చెయ్యి కాదు. దించు," అంది.

అప్పుడు తట్టింది హేమాంగుడికి. నాదే అని ఉంటే ఆమె గోతిలో ఉండేది, తాడు అతని చేతుల్లో ఉండేది. కాదంది కాబట్టి తాడు ఆమె చేతుల్లో ఉంది. ఆ తాడు పేనింది ఆమె. పట్టుకోవడం తెలిసింది కూడా ఆమె ఒక్కతెకే. ఇది తెలిసి చేసిందా, తెలియక జరిగిందా? ఆలోచన తెగకముందే కాళ్ల కింద నేల తప్పిపోయింది.

పైన వెలుగు వలయం పళ్లెమంత అయింది, గిన్నెంత అయింది. గోడలనుంచి చలి కొట్టింది. కిందనుంచి ఎక్కడో లోతున పారే నీటి హోరు. తాడు ఒక కుదుపైనా లేకుండా, ఏటి మీద పడవను వదిలినట్టు నిదానంగా దిగింది, ఆగింది. ఇక వెలుగు ఒడి దాటేదాకా వేలాడటమే. మూడు వేళ్లు మిగిలి ఉంటుందేమో. హేమాంగుడు ఊపిరులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నలభై దగ్గర తలపైన రెక్కల చప్పుడైంది.

గోడ నీడను అంటిపెట్టుకుని జారి వచ్చిన గద్ద, అతనికి రెండు నిలువుల ఎత్తున, పైవారి చూపు ఆనని చీకట్లో తాడు మీద వాలింది. దాని కళ్లు రెండు నిప్పుకణాల్లా కిందికి చూశాయి. ఇనుపముక్కు తాడు మీద పడింది. టక్. టక్. నారపొడి హేమాంగుడి మొహం మీద రాలింది. చేతికి అందదు. విసరడానికి చిన్న రాయి కూడా లేదు. అరిస్తే గోతిలో అరుపులు పైవారికి కొత్త కాదు, పెడచెవిన పెడతారు.

మూడు పేటల్లో ఒకటి ఫట్టున తెగి, సుడులు తిరుగుతూ విడిపోయింది. తాడు గిర్రున తిరిగింది. గోడ భుజానికి రాసుకుని చర్మం లేచింది. హేమాంగుడు పళ్లు బిగబట్టాడు. టక్. టక్. రెండో పేట తెగింది. మిగిలిన ఒక్క పేటా సాగి, కిర్రుమని మూలిగింది. వేలు కదిలించినా చాలు, అదీ పోతుంది. అతను కొయ్యబారి వేలాడాడు. ఊపిరి కూడా బిగబట్టాడు. గద్ద మెడ వంచి, మళ్లీ ముక్కు ఎత్తింది.

సరిగ్గా అప్పుడు నడుము దగ్గర ముడి బిగుసుకుంది. పైనుంచి తాడు కదిలింది. ఒకసారి. కొంచెం ఆగి, ఇంకొకసారి.

ఇది చేతులకు తెలిసిన విద్య కాదు. పడవలవాళ్లెవరూ ఇలా లాగరు. లోకం మొత్తంలో ఇద్దరికి మాత్రమే తెలిసిన మాట ఇది. హేమాంగుడి కళ్లు మసకబారాయి. ఆమెకు గుర్తొచ్చింది. అందరి ముందూ నిన్నెరగనని చెప్పి, వెయ్యి కళ్ల ఎదుట మొహం చెదరనివ్వకుండా నిలబడి, చీకట్లోకి తాడు వదిలి అడుగుతోంది. ఉన్నావా అని.

కదిలితే మిగిలిన పేట తెగవచ్చు. కదలకపోతే తాడు చివర ఎవరూ లేరని అక్కడ ఆమె అనుకుంటుంది.

హేమాంగుడు రెండు చేతులతో తాడు పట్టుకుని, రెండుసార్లు లాగాడు.